అక్కకు ముఖం తప్పించి చేసే ఉపవాసం

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. నాకు 44 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. హార్బర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా సంఘంలో ఆరాధన పాటలు నేనే నడిపిస్తాను. ఏటా ఉజ్జీవ కూటాల్లో కన్నీళ్లతో ముందుకెళ్లి మోకరిస్తాను. పది పదిహేను రోజులు మనసు తేలిగ్గా ఉంటుంది. తర్వాత మళ్లీ ఎండిపోతాను. ప్రార్థన చేస్తుంటే గోడకు చెప్పుకున్నట్టు ఉంటుంది. మళ్లీ బాప్తిస్మం తీసుకోమని ఒకరు, నలభై రోజులు ఉపవాసం ఉండమని ఇంకొకరు చెబుతున్నారు. మీరేమంటారు?

ఇంకో విషయం. దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. 2013లో గోపాలపట్నంలో ఉన్న నాన్నగారి స్థలం 24 లక్షలకు అమ్మాను. ఆయన ఆసుపత్రి అప్పులు 4 లక్షలు తీర్చాను. అక్కకు మాత్రం 11 లక్షలే వచ్చాయని చెప్పి, 2 లక్షలు చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నాను. పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అనుకున్నాను. డాక్యుమెంట్‌లో ఎలాగూ తక్కువే రాయించాం. బావ పోయి మూడేళ్లయింది. అక్క భీమిలిలో బట్టలు కుడుతూ కొడుకును చదివిస్తోంది. మొన్న మా బాబాయి కూతురి పెళ్లిలో అక్క ఎదురొస్తుంటే పక్కకు తప్పుకున్నాను. మా ఆవిడ పాత సంగతులు తవ్వొద్దంటుంది. ఈ ఉత్తరం ఎవరిదో తెలియనివ్వకండి.

సమాధానం:

సోదరా, వందనాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు నన్ను అడిగింది బాప్తిస్మం గురించి, ఉపవాసం గురించి. అక్క సంగతి చివర్లో "ఇంకో విషయం" అంటూ రాశారు, దానికి ప్రశ్న కూడా తగిలించలేదు. కానీ ఉత్తరంలో లెక్కలున్నది అక్కడే. ఏ సంవత్సరం, ఎన్ని లక్షలు, ఎవరికెంత, అన్నీ ఇన్నేళ్ల తర్వాత కూడా మీకు కంఠతా ఉన్నాయి. సంబంధం ఉందో లేదో తెలియదన్నారు. మీకు తెలుసనే నా నమ్మకం. కాకపోతే ఎవరైనా గట్టిగా చెబితే బాగుండునని రాశారు. చెబుతున్నాను, ఉంది.

బాప్తిస్మం మాట ముందు తేల్చేద్దాం. అక్కర్లేదు. మీరు నీళ్లలో మునిగిన రోజున దేవుడు చేసినదానిలో లోటేమీ లేదు. మళ్లీ మునిగినా ఆ 24 లక్షల లెక్క మీతో పాటు మునిగి, మీతో పాటే పైకి లేస్తుంది.

ఉపవాసం సంగతి అంత తొందరగా దాటేసేది కాదు. ఈ రాత్రి యెషయా గ్రంథం 58వ అధ్యాయం తెరవండి. అక్కడి జనం మీ ప్రశ్నే అడుగుతారు. మేము ఉపవాసముండగా నీవెందుకు చూడవు అని దేవుణ్ని నిలదీస్తారు. ఆయన తనకిష్టమైన ఉపవాసం ఏమిటో ఒక్కొక్కటిగా చెబుతాడు. కాడి విరగ్గొట్టడం, ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టడం, బట్టలు లేనివాడికి బట్ట ఇవ్వడం. ఆ వరసలోనే ఏడో వచనంలో ఇంకొకటుంది. "నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుండుట." ఇన్నేళ్ల పరిచర్యలో ఈ మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మీ ఉత్తరంలో పెళ్లి పందిట్లో పక్కకు తప్పుకున్న సంగతి చదివాక మాత్రం కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మీరు వెతుకుతున్న పచ్చదనం కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. నాలుగు వచనాల తర్వాత, నీరు కట్టిన తోటలా ఉంటావు, ఎప్పుడూ ఉబికే నీటి ఊటలా ఉంటావు అని వాగ్దానం. మనవాళ్లు ఆ వచనాన్ని కొత్త సంవత్సరం క్యాలెండర్ల మీద వేసుకుంటారు. ఏడో వచనం వేసిన క్యాలెండర్ నేను ఇంతవరకు చూడలేదు.

ప్రార్థన గోడకు చెప్పుకున్నట్టు ఉంటుందన్నారు. దేవుడు ముఖం తిప్పుకున్నాడని మీ భయం. 32వ కీర్తనలో దావీదు తాను నోరు మూసుకుని ఉన్న రోజుల గురించి చెబుతాడు. ఎముకలు క్షీణించాయి, ఒంట్లో సారమంతా వేసవిలో ఎండినట్టు ఎండిపోయింది అంటాడు. ఎందుకని? దేవుని చెయ్యి రాత్రింబగళ్లు తన మీద బరువుగా ఉంది కాబట్టి. అంటే ఎండగట్టినది దేవుడు వదిలేసిన దూరం కాదు, ఆయన చెయ్యే. ఇన్నేళ్లుగా మీకు ఆ ఎండ తగులుతోందంటే మిమ్మల్ని ఆయన విడిచిపెట్టలేదని నేను నమ్ముతున్నాను. అక్క వాటా తిని హాయిగా పాడుకోగలిగి ఉంటే మీ గురించి ఎక్కువ భయపడేవాణ్ని.

ఉజ్జీవ కూటాల్లో కార్చిన కన్నీళ్లు దొంగ కన్నీళ్లని నేను అనను. అవి నిజమైనవే. మన తెలుగులో రెండు మాటలున్నాయి, పశ్చాత్తాపం, మారుమనస్సు. పశ్చాత్తాపమంటే చేసిన తర్వాత కలిగే మంట. మారుమనస్సులో మనసే మళ్లుతుంది, దాని వెనక కాళ్లు కూడా మళ్లుతాయి. మత్తయి 27వ అధ్యాయంలో, ప్రభువును పట్టించిన యూదా ఇస్కరియోతు గురించి "పశ్చాత్తాపపడి" అనే రాసి ఉంది, గమనించారా? అతను ముప్పై వెండి నాణేలూ తెచ్చి ఇచ్చేశాడు. పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు. విన్న యాజకులు "దానితో మాకేమి?" అన్నారు. అతను వెళ్లాల్సిన చోటు ఒక్కటే, యేసు దగ్గరికి. అక్కడికి తప్ప అన్నిచోట్లకీ వెళ్లాడు. పేతురు తప్పు కూడా చిన్నది కాదు. బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ యేసు ఎవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు. బయటికెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. అయితే తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు కనబడగానే పడవ ఆగేదాకా కూడా ఆగలేక నీళ్లలో దూకేశాడు. ఒడ్డున మళ్లీ బొగ్గుల మంటే ఉంది. మూడుసార్లు కాదన్నవాణ్ని ప్రభువు మూడుసార్లే అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడోసారికి పేతురుకు బాధ కలిగిందని యోహాను రాశాడు. ప్రభువు గాయం ఉన్న చోటే చెయ్యి పెట్టాడు, చుట్టూ తడిమి వదిలేయలేదు. మీరు ఏటా వేదిక ముందు "నేను పాపిని" అంటున్నారు. ఆ మాటలో గోపాలపట్నం లేదు, పదకొండు లక్షలని చెప్పిన అబద్ధం లేదు.

మీరు 51వ కీర్తన కూడా ఎన్నోసార్లు చదివే ఉంటారు. "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అని దావీదు అన్నాడు కదా, దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలు, మనుషుల దగ్గరికి వెళ్లక్కర్లేదు అని కొందరు బోధిస్తారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. దావీదు ఎవరి దగ్గరికి వెళ్లి క్షమించమని అడగాలి? తాను భార్యను లాక్కున్న ఊరియా దగ్గరికి. ఊరియాను చంపించేశాడు. ఆ దారి దావీదే మూసేసుకున్నాడు. మీ అక్క భీమిలిలో ఉంది. గాజువాక నుంచి ఒక పూటలో వెళ్లి రావచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని ఇంకో గోతిలోకి తోసినవాణ్ని అవుతాను. అక్కకు డబ్బు ఇచ్చేస్తే దేవుడు క్షమిస్తాడని నేను అనడం లేదు. లూకా 19లో, జనం దగ్గర పన్నులు వసూలు చేసే జక్కయ్య కథలో ఏది ముందు జరిగిందో చూడండి. ప్రభువు చెట్టు కింద ఆగి పేరు పెట్టి పిలిచాడు. నేడు నీ ఇంట నేనుండాలి అన్నాడు. ఊరంతా సణిగింది. అప్పుడు లేచి నిలబడ్డాడు జక్కయ్య, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని. ప్రభువు లోపలికి రావడానికి అది ప్రవేశ రుసుము కాదు. ఆయన వచ్చాక ఆ ఇంట్లో దొంగ సొమ్ము పెట్టుకోవడం జక్కయ్యకే కుదరలేదు. లండన్ మిషన్ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ అనే ఇద్దరు యువకులు 1805లో మన విశాఖ వచ్చి, ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు సాయంతో సువార్తలు తెలుగు చేశారు. అయిదేళ్లు గడిచేసరికి ఇద్దరూ చనిపోయారు. వాళ్ల పని మాత్రం 1812లో బెంగాల్‌లోని సెరాంపూర్‌లో మూడు సువార్తలుగా అచ్చయింది, మత్తయి, మార్కు, లూకా. అంటే రెండు వందల ఏళ్ల కిందటే మన ఊళ్లో కూర్చుని ఎవరో ఒకరు ఈ జక్కయ్య మాటలకు తెలుగు వెతికారన్నమాట. మనం ఆ మాటల మీద పాటలు కట్టి చప్పట్లు కొట్టి పాడుతున్నాం. నాలుగంతలు తిరిగిచ్చినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఇప్పుడు లెక్క. కట్నం ఇచ్చాం కదా అన్నారు. అది మీ నాన్నగారు తన చేతులతో, తన ఇష్టంతో ఇచ్చింది. దాన్ని వాటాలోంచి మినహాయించే అధికారం మీకు ఎవరిచ్చారు? నాన్నగారు వీలునామా రాయలేదనే అనుకుంటున్నాను, మీరు ఆ మాట ఎత్తలేదు. వీలునామా లేనప్పుడు క్రైస్తవ కుటుంబాల్లో ఆస్తి 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం పంచుకోవాలి. అందులో కొడుక్కొకటి, కూతురికొకటి లేదు, ఇద్దరూ సమానం. అమ్మగారు కూడా ముందే పోయి ఉంటే, అప్పులు పోగా మిగిలిన 20 లక్షల్లో అక్కది సగం, 10 లక్షలు. ఇచ్చింది 2. ఉండిపోయింది 8 లక్షలు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ఇంకో మాట చెబుతుంది. అపరాధం చేసినవాడు ముందు దాన్ని ఒప్పుకోవాలి, అసలు మొత్తం ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి. ఎనిమిది లక్షలకు అయిదో వంతు 1 లక్షా 60 వేలు. మొత్తం 9 లక్షల 60 వేలు. మనం ధర్మశాస్త్రం కింద లేమని ఎవరైనా మీకు చెబితే, కృప కింద ఉన్న జక్కయ్య నాలుగంతలు అన్నాడని గుర్తు చేయండి. ఎనిమిది దగ్గర ఆగుతారా, తొమ్మిదిన్నర దాటతారా అన్నది మీరు ప్రార్థించి నిర్ణయించుకోండి. ఎనిమిదికి తగ్గకూడదు.

ఇది ఇస్తున్నప్పుడు దానం చేస్తున్నానన్న భావం రానీయకండి. మీరు హార్బర్‌లో ఉంటారు, సముద్రం అడుగున ఇసుక తవ్వే డ్రెడ్జర్ పని మీకు నాకంటే బాగా తెలుసు. మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. హార్బరు అడ్డొచ్చి దాన్ని ఆపేస్తే, ఇటు ఆర్.కె. బీచ్ కోతకు గురవుతుంది. అందుకే తవ్విన ఇసుకను ఆ బీచ్ వైపు పంపుతారు. అది ఆ ఒడ్డుకు ఎవరో దయతో ఇస్తున్న ఇసుక కాదు. దారిలో ఆగకపోతే తనంతట తానే అక్కడికి చేరి ఉండేది. అక్క డబ్బు మీ దగ్గర ఆగిపోయిన ఇసుక. ఇన్నేళ్లలో అక్కడ ఎంత కోత పడిందో మీరు ఇంకా చూడలేదు. మిషన్ మీద కూర్చుని ఎన్ని రాత్రులు కుట్టిందో, ఫీజుల కోసం ఎవరెవరిని అప్పడిగిందో.

నా సంగతి ఒకటి చెప్పాలి. పరిచర్యలోకి వచ్చిన కొత్తలో పాతపట్నం వైపు ఒక చిన్న సంఘంలో ఉండేవాణ్ని. మందిరం ఊడ్చి గంట కొట్టే పెద్దాయన ఒకరుండేవారు, జాలరిపేట మనిషి. ఒక ఆదివారం కానుకల లెక్కలో 340 రూపాయలు తగ్గాయి. ఆ గదిలోకి వెళ్లింది ఆయనొక్కడేనని అందరి ముందూ అనేశాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. నెలన్నర తర్వాత పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది, కూడికలో పొరపాటు నాదే. అయిదు నెలలు ఆ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. ఆ అయిదు నెలలూ ప్రసంగాలు చేశాను, రొట్టె విరిచాను. ప్రార్థన మాత్రం మీరు చెప్పినట్టే, గోడకు. చివరికి ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. గుమ్మంలో వల బాగు చేసుకుంటున్నారు. తప్పు నాదేనని చెప్పాను. తల ఎత్తలేదు. "ఆదివారం అందరి ముందూ అన్నారు కదయ్యా, అందరి ముందే చెప్పండి" అన్నారు.

తర్వాతి ఆదివారం చెప్పాను. ఆయన ఆ రోజు మందిరానికి రాలేదు. మళ్లీ గంట కొట్టడానికీ రాలేదు, వేరే సంఘానికి వెళ్లిపోయారు. చాలా ఏళ్ల తర్వాత మనవరాలి పెళ్లికి నన్ను పిలిచారు. పెళ్లి జరిపించింది వాళ్ల పాస్టరు గారే. నాకు పక్కన కూర్చుని దగ్గరుండి వడ్డించారు, అంతే. పాత మాట ఎత్తలేదు. నేను కోరుకున్నట్టు ఏదీ మునుపటిలా అవలేదు. కానీ అందరి ముందూ నా తప్పు చెప్పిన ఆ ఆదివారం రాత్రి, అయిదు నెలల తర్వాత మొదటిసారి, ప్రార్థనలో నాకు మాటలు దొరికాయి. ఒంటరిగా కూర్చుని తెల్లవారేదాకా మాట్లాడాను.

కాబట్టి అక్క క్షమిస్తుందని నేను మాట ఇవ్వలేను. అరవొచ్చు. తలుపు వేసేయొచ్చు. బావ బతికున్నప్పుడు ఈ డబ్బు ఉంటే మంచి వైద్యం చేయించేదాన్ని అనొచ్చు. అంటే అడ్డు చెప్పకండి, వినండి. దేవుడు నన్ను క్షమించాడు అని మాత్రం ఆవిడ దగ్గర అనకండి. అది నిజమే అయినా, ఆ పూట ఆవిడ నోరు కట్టేసే మాట అవుతుంది. "నన్ను క్షమించక్కా" అని కూడా మొదలుపెట్టకండి. ముందు చేసింది చెప్పండి. ఎంతకు అమ్మారు, ఎంతని చెప్పారు, ఎందుకు చెప్పారు. బాకీ ఎంతో కాగితం మీద రాసి, సంతకం పెట్టి తీసుకెళ్లండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే నెలకు ఎంత, ఏ తారీకున, అన్నీ అందులో ఉండాలి. మొదటి కొంత చేతిలో ఉండాలి, మాటతోనే వెళ్లొద్దు. వాట్సాప్‌లో పంపించే పని కాదు ఇది. చీర, పళ్లు పట్టుకెళ్లే పని కూడా కాదు. పెద్దల్ని, పాస్టరు గారిని వెంటబెట్టుకుని వెళ్లొద్దు, అంతమంది ముందు ఆవిడకు కాదనే వీలుండదు. ఇది సంఘంలో సాక్ష్యంగా చెప్పాలని కూడా తొందరపడకండి. నేను పెద్దాయన్ని అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాల్సి వచ్చింది. మీరు మోసం చేసింది అక్కను, ఆవిడ ఒప్పుకుంటే తప్ప ఆవిడ కథ మైకులో వినబడకూడదు.

డాక్యుమెంట్‌లో తక్కువ రాయించిన సంగతి కూడా తప్పే. దాని గురించి ఒక మంచి వకీలును అడగండి. అయితే వకీలు తేల్చేదాకా ఆగుతాను అంటూ భీమిలి ప్రయాణం వాయిదా వేయకండి.

మీ ఆవిడ మాట కొట్టిపారేయకండి. పాత సంగతులు తవ్వొద్దన్నారంటే, ఇల్లు ఎలా నడుస్తుందోనన్న భయం ఆవిడకు ఉంటుంది. ఇంటి లోను, పిల్లల చదువు, ఏవేవి ఆపాలో ఆవిడతో కూర్చుని లెక్క వేయండి. బయల్దేరే ముందు ఆవిడకు పూర్తిగా చెప్పాలి. ఇంకొకరికి తెలియకుండా ఇంకో సంతకం మీ జీవితంలో వద్దు. ఆవిడ ఒప్పుకోకపోతే? రెండు మూడు వారాలు ఓపిక పట్టండి, కలిసి ప్రార్థించండి. అప్పటికీ వద్దంటే, మీ జీతంలో మీరు మీ మీద పెట్టుకునే ఖర్చుతో మొదలుపెట్టండి. అక్కకు నిజం చెప్పడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇదంతా అయ్యాక ఎండిపోవడం ఇంకెప్పుడూ ఉండదని కాదు. 1517లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన తొంభై అయిదు వాక్యాల్లో మొదటిదే, విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలని ప్రభువు కోరాడని. ఇసుక వస్తూనే ఉంటుంది, ఓడలు వచ్చే ఛానెల్ తవ్వుతూనే ఉండాలి. అయితే ప్రతి ఉజ్జీవ కూటంలో అదే రాయి తగిలి ఆగిపోవడం వేరు. ఆ రాయి ముందు తియ్యండి. 51వ కీర్తనలో దావీదు అడిగింది రక్షణ మళ్లీ కావాలని కాదు, "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని. పోయింది ఆనందం. అది మీకు తిరిగి రావాలని, ఉత్తరం అందిన రోజు నుంచీ మీ పేరు పెట్టి ప్రార్థిస్తున్నాను.

పాటల సంగతి. అర్పణం బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పాడు. ఈ రెండు మూడు వారాలు మైకు ఇంకొకరికి ఇవ్వండి. కారణం పాస్టరు గారికి మాత్రం చెప్పండి, వివరాలు అక్కర్లేదు. చివరి వరసలో కూర్చుని పాడండి. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె విరిచే ఆరాధన, ఉంటుంది, మీకూ అలాగే అయితే దానికి ముందు శనివారం పెట్టుకోండి. అక్క పొద్దున్నే పనిలో కూర్చుంటుంది కాబట్టి మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వెళ్లండి. మేనల్లుడు ఇంట్లో ఉంటే వాణ్ని కూడా కూర్చోమనాలా వద్దా అన్నది అక్కనే అడగండి. తలుపు తీయకపోతే కాగితం, మొదటి డబ్బు జాగ్రత్తగా వెనక్కి తెచ్చుకుని, మళ్లీ శనివారం వెళ్లండి. ఏం జరిగినా నాకు రాయండి.